తల్లి చేపల పుండ్లపై కప్ప పెప్టైడ్: ఒక కార్ప్ హ్యాచరీ కేసు

నేపథ్యం

కొల్లేరు చుట్టుపక్కల ఉన్న ఒక కార్ప్ హ్యాచరీ కేసు ఇది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. చేపల సంఖ్యలు దగ్గరి అంకెలకు సరిచేశాను. ఈ హ్యాచరీలో శీలావతి, బొచ్చె తల్లి చేపలను పెంచి, వానలు మొదలవగానే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, గుండ్రటి తొట్లలో గుడ్లు పెట్టించి స్పాన్ (అప్పుడే పొదిగిన చేప పిల్లలు) అమ్ముతారు. ఒక్కో తల్లి చేప మూడు నుంచి అయిదు కిలోలు ఉంటుంది. అది చచ్చిపోతే పోయేది కిలో ధర కాదు. ఏళ్ల తరబడి పెట్టిన మేత, మంచి చేపల్లోంచి మళ్లీ మంచివి ఏరుకున్న శ్రమ, వచ్చే సీజన్ స్పాన్, అన్నీ దానితో పాటే పోతాయి.

కప్ప చర్మంలో దొరికే, బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్ల (చిన్న ప్రోటీన్ ముక్కల్లాంటి పదార్థాల) గురించి ఈ మధ్య రైతులు తరచూ అడుగుతున్నారు. ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద అంత బాగా పనిచేసే పదార్థం చెరువు గట్టుకు వచ్చేసరికి ఎందుకు చేతులెత్తేస్తుందో, ఏ చిన్న చోట మాత్రం పనికొస్తుందో ఈ కేసులో దగ్గరగా చూడగలిగాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వచ్చిన సమస్య

మొదటి విడత బ్రీడింగ్ అయ్యాక తల్లి చేపలను తిరిగి చెరువులో వదిలారు. వారం తిరక్కముందే పక్కలమీద, తోక మొదట్లో పొలుసులు రాలి ఎర్రమచ్చలు వచ్చాయి. వాటిలో కొన్ని లోతైన పుండ్లయ్యాయి. రోజూ ఒకటి రెండు చేపలు తేలుతున్నాయి. నన్ను పిలిచేనాటికి పుండ్లున్నవి యాభైకి పైనే. అందులో పదింటికి పొట్ట ఉబ్బి, కళ్లు ముందుకు పొడుచుకొచ్చి, మలద్వారం ఎర్రబడి ఉంది. అంటే వాటిలో జబ్బు చర్మం దాటి రక్తంలోకి వెళ్లిపోయింది. ఈ రెండు గుంపులనూ నేను మొదటిరోజే విడదీసి చూశాను. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఆ విభజన మీదే నిలబడింది.

పుండ్లు ఎక్కడ ఉన్నాయో చూస్తే సగం కథ తెలిసిపోయింది. వల ముడి రాసుకునే పక్కల్లో ఉన్నాయి, మనిషి గట్టిగా పట్టుకునే తోక మొదట్లో ఉన్నాయి, ఇంజెక్షన్ సూది దిగిన చోట ఉన్నాయి. చేప పేను కోసం వెతికాం. అక్కడక్కడా ఒకటి రెండు తప్ప లేవు. పుండు అంచునుంచి కండ ముక్క నలిపి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ దారాలు కనిపించలేదు. కాబట్టి ఈయూఎస్ (ఫంగస్ లాంటి జీవి వల్ల వచ్చే పుండ్ల జబ్బు) అనే అనుమానాన్ని పక్కన పెట్టాం. పుండు అంచునుంచీ, చావబోతున్న చేపల కిడ్నీనుంచీ తీసిన నమూనాల్లో ఒకే బ్యాక్టీరియా పెరిగింది. గ్రామ్ నెగటివ్, ఆక్సిడేజ్ పాజిటివ్, బ్లడ్ అగార్‌పై రక్తకణాలను కరిగిస్తోంది. తర్వాతి పరీక్షల్లో ఏరోమోనాస్ హైడ్రోఫిలా అని తేలింది. మన చెరువుల్లో ఇది ఎప్పుడూ ఉండేదే. చర్మం బాగున్నంతకాలం సాధారణంగా చేపను ఏమీ చేయదు, గీత పడితే లోపలికి దిగుతుంది.

అప్పటికే చేసినవి

నేను వెళ్లేసరికి హ్యాచరీ వాళ్లు రెండు పనులు చేసేశారు. మేతలో ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపారు, చేపలను పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో ముంచి తీశారు.

ఆక్సీటెట్రాసైక్లిన్ ఎందుకు పనిచేయలేదో సెన్సిటివిటీ పరీక్షలో తేలింది. మందు డిస్క్ చుట్టూ, బ్యాక్టీరియా చచ్చినచోట కనిపించాల్సిన ఖాళీ వలయం అసలు రాలేదు. కొన్ని సీజన్లుగా బ్రీడింగ్‌కు ముందు 'ముందుజాగ్రత్తగా' అదే మందు మేతలో పెడుతున్నారట. పైగా జబ్బు పడ్డ చేప మేత ముట్టదు. మందు తినేది బాగున్న చేపే. ఎన్రోఫ్లాక్సాసిన్‌కు ఈ బ్యాక్టీరియా లొంగుతోందని అదే పరీక్షలో కనిపించింది. యజమాని ఆశగా అడిగారు కూడా. కానీ అది ఫ్లోరోక్వినొలోన్ తరగతి మందు, ఆ తరగతి ఆక్వాలో నిషేధ జాబితాలో ఉంది. తినే చేప కాదు కదా అన్న వాదనకు నేను ఒప్పుకోలేదు. తల్లి చేపల చెరువు నీళ్లే నర్సరీలకు వెళ్తాయి, అక్కడినుంచి కాలువలోకి వెళ్తాయి.

పర్మాంగనేట్ సంగతి వేరు. అది పుండు మీది బ్యాక్టీరియాను కొంత చంపుతుంది, నిజమే. కానీ చేప ఒంటిమీది జిగురును కూడా కాల్చేస్తుంది. ఆ జిగురు ఉత్త జిగురు కాదు. లైసోజైమ్ అనే ఎంజైమ్, యాంటీబాడీలు, చేప స్వయంగా తయారుచేసుకునే పెప్టైడ్లు అందులో ఉంటాయి. కప్ప చర్మానికున్న రక్షణ లాంటిదే చేపకూ ఉంది. రోజు మార్చి రోజు ఆ రక్షణను తీసేస్తూ పుండు మానాలంటే ఎలా? ముందు ఆ స్నానాలు ఆపించాను.

కప్ప మందు మాట ఎలా వచ్చింది

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న యజమాని కొడుకు ఏదో చదివి తండ్రికి చెప్పాడు. ఆయన నన్ను అడిగారు: "కప్ప తోలులో ఏదో మందు ఉందంట కదండీ డాక్టరు గారూ. మన గట్లమీద కప్పలకి కొదవేముంది?"

రెండు సంగతులు ఆయనకు అక్కడే చెప్పాను. ఒకటి, కప్పలను పట్టి పిండే పని చేయకూడదు. ఒకప్పుడు మన దేశంనుంచి కప్ప కాళ్లు విపరీతంగా ఎగుమతయ్యేవి. 1987లో ఆ ఎగుమతిని ఆపేశారు. పొలాల్లో పురుగులను తినే జీవిని మళ్లీ మందు పేరుతో పట్టడం మొదలెడితే మనకే నష్టం. రెండు, పట్టాల్సిన అవసరమూ లేదు. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాల గొలుసు. వరుస తెలిస్తే ల్యాబ్‌లో తయారుచేసుకోవచ్చు.

ఆ ఆలోచనను మాత్రం కొట్టిపారేయలేదు. దానికి కారణం ఉంది. 1987లోనే మైకేల్ జాస్లోఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆఫ్రికా కప్ప జెనోపస్ లేవిస్‌పై పనిచేస్తూ గమనించిన ఒక విషయాన్ని ప్రకటించారు. ఆపరేషన్ చేసి కుట్లు వేసిన కప్పలను బ్యాక్టీరియా నిండిన తొట్టి నీళ్లలో వదిలినా గాయాలకు చీము పట్టడం లేదు. ఎందుకని వెతికితే వాటి చర్మంలో 23 అమైనో ఆమ్లాల మాగైనిన్లు దొరికాయి. మన టైగర్ కప్ప చర్మంలో కూడా 11, 12 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్లున్నాయని హైదరాబాద్‌ సీసీఎంబీ (సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు. వాటికి టైగరినిన్లు అని పేరు పెట్టారు. మా కేసులో సమస్య కూడా అదే: నీళ్లలో బతికే జీవి, ఒంటిమీద గాయం, చుట్టూ బ్యాక్టీరియా.

ఈ పెప్టైడ్లు పనిచేసే తీరు తెలిస్తేనే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి. వాటిలో ఎక్కువవాటికి ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది. పెప్టైడ్ వెళ్లి ఆ పొరకు అతుక్కుని, అందులోకి చొచ్చుకుని, దాన్ని చిల్లులు పడేలా చేస్తుంది. బ్యాక్టీరియా నిమిషాల్లో చస్తుంది. జంతు కణాల పైపొరకు ఆ ఆవేశం అంతగా ఉండదు కాబట్టి వాటికి హాని తక్కువ. తక్కువ అన్నానే కానీ లేదనలేదు. కొన్ని కప్ప పెప్టైడ్లు ఎర్ర రక్తకణాలను కూడా పగలగొడతాయి. మాగైనిన్-2లో ఆ గుణం బాగా తక్కువ. అందుకే దాన్నే ఎంచుకున్నాం. నాకు పరిచయమున్న ఒక పరిశోధన బృందం తమ అనుమతుల కింద దీన్ని చేపట్టి, తయారుచేయించిన పెప్టైడ్ ఇచ్చింది. వాడిన చేపలేవీ ఎప్పటికీ తినడానికి అమ్మబోమని యజమాని రాసిచ్చారు.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి అనుకున్నాం. కోలిస్టిన్, పాలిమిక్సిన్ అనే యాంటీబయాటిక్ మందులు కూడా ధనావేశమున్న పెప్టైడ్లే, అవీ బ్యాక్టీరియా పైపొరనే పట్టుకుంటాయి. కొన్ని ఏరోమోనాస్‌లు ఎంసీఆర్-3 లాంటి జన్యువులతో ఆ పొర ఆవేశాన్ని మార్చేసుకుని తప్పించుకుంటాయి. అలా మార్చుకున్నది కప్ప పెప్టైడ్‌ను కూడా తట్టుకోవచ్చు. మా బ్యాక్టీరియా పాలిమిక్సిన్‌కు లొంగింది, సరే అనుకున్నాం. అది ఎడ్వర్డ్‌సియెల్లా అనే ఇంకో చేపల బ్యాక్టీరియా అయ్యుంటే అక్కడితో ఆపేసేవాణ్ని. దానికి కోలిస్టిన్‌ను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. ఈ పరీక్ష ల్యాబ్ వరకే. కోలిస్టిన్‌ను ఆక్వాలో, పశువుల్లో, కోళ్లలో వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. అది మనుషులకు ఆఖరి మందుల్లో ఒకటి.

పనిచేయని దారులు

అందరికీ మొదట తోచేది నీళ్లలో కలపడం. కాగితం మీద లెక్కతోనే అది పోయింది. లీటరుకు 50 మిల్లీగ్రాములు అనుకుందాం. వెయ్యి లీటర్ల తొట్టికి 50 గ్రాములు కావాలి. తయారుచేసిన పెప్టైడ్ మిల్లీగ్రాముల్లో కొనే సరుకు. అయిదు అడుగుల నీళ్లున్న ఎకరం చెరువులో అరవై లక్షల లీటర్ల పైనే ఉంటాయి. దానికి 300 కిలోలు! అయినా ఖర్చు ఒక్కటే అడ్డం కాదని చూపించడానికి చిన్న పరీక్ష చేశాం. శుభ్రమైన ద్రావణంలో బ్యాక్టీరియాను పూర్తిగా చంపిన మోతాదును, చెరువు నీళ్లలో నాలుగు రెట్లు చేసినా ఫలితం రాలేదు. కారణం మళ్లీ ఆవేశమే. బంకమట్టి రేణువులకు, కుళ్లిన ఆకుల రసానికి, ఆల్గేకు కూడా ఋణావేశం ఉంటుంది. పెప్టైడ్ బ్యాక్టీరియా దాకా వెళ్లకముందే వాటికి అతుక్కుపోయింది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా బ్యాక్టీరియా పొరమీద దాని చోటును ఆక్రమిస్తాయి.

మేతలో కలపడం గురించి పరీక్ష కూడా అవసరం లేదనిపించింది. మన కార్ప్ చేపలకు జీర్ణాశయం ఉండదు కాబట్టి ఆమ్లం బెడద లేదు. కానీ పేగులో ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఉంది. అది గొలుసును లైసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర కత్తిరిస్తుంది. మాగైనిన్-2లో లైసిన్లు నాలుగు. తిన్న కాసేపటికే ముక్కలైపోతుంది.

రక్తంలోకి జబ్బు వెళ్లిన చేపల్లో కొన్నింటికి, ఎలాగూ బతకవని తెలిసి, పొట్టలోకి ఇంజెక్షన్ ఇచ్చాం. ఒక్కటీ నిలబడలేదు. 2000లో కోహో సాల్మన్ చేపలపై వచ్చిన పని నాకు తెలుసు. విబ్రియో అనే బ్యాక్టీరియా సోకిన చేపల్లో పెప్టైడ్లు చావులను తగ్గించాయి. అయితే అవి కప్పలవి కావు. ఒకటి ఫ్లౌండర్ చేపనుంచి వచ్చింది, ఇంకొకటి పురుగుల పెప్టైడ్లను కలిపి చేసింది. అన్నిటికన్నా ముఖ్యం, వాటిని ఒంట్లో అమర్చిన చిన్న పంపుతో నిరంతరం ఇచ్చారు. ఒక్క ఇంజెక్షన్‌తో ఆ ఫలితం ఆశించడం న్యాయం కాదు. హ్యాచరీలో పంపులు అమర్చడం అయ్యే పనీ కాదు. ఈ గుంపును అక్కడితో వదిలేసి, చనిపోతున్నవాటిని వెంటనే వేరుచేసి సున్నం వేసి పూడ్పించాం.

పుండు మీద పూత

ఇక మిగిలింది పుండు మీద నేరుగా రాయడం. నిజానికి కప్ప చేసేదీ అదే. చర్మ గ్రంథుల్లో దాచుకుని, దెబ్బ తగిలినప్పుడో భయపడినప్పుడో ఒక్కసారి చర్మం మీదికి వదులుతుంది. ఆ కొంచెం చోట, ఆ కొంచెం సేపు, గాఢత చాలా ఎక్కువ.

ఇక్కడ రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది ఏరోమోనాస్ వదిలే, ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లైన ప్రొటీయేజ్‌లు. ఈ బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకట్టి అందులో పెప్టైడ్ కలిపి ఉంచితే, కొన్ని గంటల్లో శక్తి పోయింది. అద్దంలో బొమ్మలా తిరగేసిన డి-అమైనో ఆమ్లాలతో చేస్తే ఆ ఎంజైమ్‌లు దాన్ని కత్తిరించలేవు. బృందంలో ఒకరు దాన్నే వాడదామన్నారు. నేను వద్దన్నాను. విరగని పెప్టైడ్ చేప ఒంట్లో, తొట్టి మట్టిలో మిగిలి, తక్కువ మోతాదులో బ్యాక్టీరియాకు అలవాటవుతుంది. విరిగిపోవడం ఇక్కడ లోపం కాదు, రక్షణ. దాని బదులు చచ్చిన కండను, చీమును తీసి పుండును బాగా కడిగితే ప్రొటీయేజ్‌లు చాలావరకు పోతాయి. ఆ దారే పట్టాం.

రెండో అడ్డంకి జెల్. తడి చర్మానికి అతుక్కోవాలని మొదట నోటిపూతకు వాడే తరహా పేస్టు తీసుకున్నాం. దానిలో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పెక్టిన్ ఉంటాయి. చేప పుండుకు బ్రహ్మాండంగా అతుక్కుంది. అయితే ప్లేటు మీద పెట్టి చూస్తే చుట్టూ వలయమే లేదు. ఆ రెండింటికీ ఋణావేశం! పెప్టైడ్‌ను పట్టుకుని వదలడం లేదు. చేపమీద వాడే ముందు ప్లేటు మీద చూడకపోతే, పెప్టైడే పనిచేయదని తేల్చేసేవాళ్లం. అప్పుడు ఆవేశం లేని హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ జెల్‌కు మారాం. వలయం వచ్చింది. కానీ ఈ జెల్ నీళ్లలో కరిగిపోతుంది.

ఇక్కడే పెప్టైడ్ వేగం కలిసొచ్చింది. అది చంపేది నిమిషాల్లో. గంటలకొద్దీ అతుక్కుని ఉండాల్సిన పని లేదు. చేపను లవంగ నూనెతో మత్తులో ఉంచి, తడి స్పాంజి మీద పడుకోబెట్టి, మొప్పల మీదుగా సన్నని ట్యూబుతో నీళ్లు పారిస్తూ, పుండు మాత్రం నీటికి పైన ఉండేలా పది నిమిషాలు పట్టుకున్నాం. జెల్‌లో అర శాతం పెప్టైడ్. ఒక్కో పూతకు సుమారు రెండు గ్రాముల జెల్, అంటే 10 మిల్లీగ్రాముల పెప్టైడ్. కేసు మొత్తానికి వాడింది గ్రాము లోపే.

పొట్ట ఉబ్బు, కళ్ల లక్షణాలు లేని పుండ్ల చేపలు నలభై. వాటిని పుండు సైజును బట్టి జతలుగా చేసి, జతలో ఒకదానికి పెప్టైడ్ జెల్, ఇంకోదానికి ఉత్త జెల్ రాశాం. మిగతా అన్నీ సమానం: అదే శుభ్రం చేయడం, అదే పలుచని పోవిడోన్ అయోడిన్ కడుగు, దాన్ని పూర్తిగా కడిగేశాకే జెల్, అదే మత్తు, అవే సిమెంటు తొట్లు, లీటరుకు 3 గ్రాముల ఉప్పు. పుండున్న చేప ఆ చిల్లునుంచి ఒంట్లోని లవణాలు పోగొట్టుకుంటూ ఉంటుంది. ఉప్పు ఆ భారం తగ్గిస్తుంది. పుండ్ల ఫోటోలు చూసి మానిందో లేదో చెప్పిన వ్యక్తికి ఏది ఏ గుంపుదో తెలియదు.

రెండు వారాలకు పెప్టైడ్ గుంపులో ఇరవైకి పదిహేను పుండ్లు అంచులు కలిసి పూడుకున్నాయి. ఉత్త జెల్ గుంపులో పది. చావులు మొదటి గుంపులో ఒకటి, రెండో గుంపులో రెండు. పెప్టైడ్ వైపు మొగ్గు కనిపిస్తోంది, కానీ ఇంత చిన్న సంఖ్యల్లో అది యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. మనుషుల్లో షుగర్ పుండ్లకు మాగైనిన్ నుంచి తయారుచేసిన పెక్సిగనాన్ క్రీము చరిత్ర గుర్తుపెట్టుకోవాలి. 1999లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇవ్వలేదు. మళ్లీ చేసి 2016లో ఫలితాలు ప్రకటించిన పెద్ద పరీక్షల్లో అది ఉత్త క్రీమును మించలేకపోయింది. నేను ఈ పదిహేనును చూపించి ఎవరికీ మందు రాయను.

ఆ రెండో అంకెను కూడా చూడండి. ఏ పెప్టైడూ లేకుండా, శుభ్రంగా కడిగి, ఉప్పు నీళ్లలో, పర్మాంగనేట్ లేకుండా ఉంచిన చేపల్లో సగం మానాయి. నేను వెళ్లకముందు చెరువులో అదే పుండ్లతో ఉన్నవి రోజూ చచ్చాయి. కేసులో అన్నిటికన్నా పెద్ద తేడా అది.

రెండో విడత

అందుకని రెండో విడత బ్రీడింగ్‌కు ముందు మా శక్తి అంతా పుండు పడకుండా చూడటం మీదే పెట్టాం. ముడుల వల తీసేసి ముడుల్లేని మెత్తటి వల తెప్పించారు. చేపను తోక పట్టి ఎత్తడం మానేసి, తడిపిన గుడ్డ జోలెలో ఇద్దరు మోశారు. హాపాలో (నీళ్లలో కట్టే వలగుడ్డ తొట్టిలో) కుక్కే చేపల సంఖ్య సగానికి తగ్గించారు. గుడ్డు పక్వానికి వచ్చిందో లేదో మళ్లీ మళ్లీ పట్టి చూసే అలవాటు ఉంది. ఒకసారి చూశాక వేరుచేసి ఉంచమన్నాను. ప్రతి చేపకూ కొత్త సూది. ఇంజెక్షన్ పని తెల్లవారుజామున, నీళ్లు చల్లగా ఉన్నప్పుడు. పనివాళ్లలో పెద్దాయన మొదట విసుక్కున్నారు, జోలెతో ఆలస్యమవుతుందని. తర్వాత ఆయనే కుర్రాళ్లను "చేత్తో కాదురా, గుడ్డలో పట్టు" అని అదలించడం విన్నాను.

ఆ విడతలో పుండ్లు పడ్డవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అన్నీ పైపైనవే. కడిగి ఉప్పు నీళ్లలో ఉంచితే మానాయి. పెప్టైడ్ జెల్ మిగిలే ఉన్నా తీయలేదు. అవసరం రాలేదు.

తోటి సలహాదారులకు

పెప్టైడ్ అమ్మకానికి వచ్చినవాళ్లను మూడు అడగండి. చెరువు నీళ్లలో పరీక్ష చేశారా, ఉత్త ద్రావణంలోనా? కలిపిన జెల్‌కో మేతకో ఏ ఆవేశం ఉంది? మా బ్యాక్టీరియాపై కోలిస్టిన్ తరహా మందుల నిరోధకత చూశారా? నీళ్లలో పోస్తే చాలు అన్నవాళ్లకు పైన వేసిన ఎకరం చెరువు లెక్క చూపించండి. విలువైన తల్లి చేపకు, పైపై పుండుకు, చేతితో రాసే పద్ధతి మీద ఇంకా పని జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. మన హ్యాచరీల్లో అలాంటి చేపలు వేలల్లో ఉన్నాయి, వాటికి వాడగల మందులు తగ్గుతూ వస్తున్నాయి.

ఆ హ్యాచరీలో ముందుజాగ్రత్త పేరుతో ఆక్సీటెట్రాసైక్లిన్ మేత ఆగిపోయింది. సీజన్ చివర తీసిన ఏరోమోనాస్‌కూ, మొదట్లో తీసినదానికీ, చంపడానికి కావాల్సిన మాగైనిన్ మోతాదులో తేడా రాలేదు. రెండింటినీ ఫ్రీజర్‌లో దాచాం. వచ్చే సీజన్ మొదటి వల వేసేముందు అదే చెరువునుంచి మళ్లీ తీసి, ఆక్సీటెట్రాసైక్లిన్ డిస్క్ చుట్టూ వలయం తిరిగి వస్తోందేమో చూడాలని ఒప్పుకున్నాం.